మామ్మ మోకాళ్ళ లెక్కన



వేసవి సెలవులు దగ్గర పడేసరికి నర్సీపట్నం పక్కన మా రోలుగుంట కూడలిలో బస్సు కోసం నిలబడ్డవాళ్ళ మధ్య ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది. "పిల్లల్ని ఒకపాలి హైదరాబాదు తిప్పి తెద్దామనుకుంటన్నాం బాబూ. ఫిలింసిటీ బాగుంటాదా, వండర్‌లా బాగుంటాదా?" అని. అడిగే పెద్దమనిషి వెనక పదో తరగతి రాసిన కుర్రాడు నిలబడి ఉంటాడు. వాడి సమాధానం వాడి దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. "మీతోపాటు ఎవరెవరు వస్తన్నారు?"

అడగడానికి కారణముంది. పెద్ద వినోదాల పార్కుకు మొదటిసారి వెళ్ళే కుటుంబాలు సాధారణంగా ఇంట్లో అందరికన్నా హుషారైనవాడి మాట మీద కార్యక్రమం వేసుకుంటాయి. వాడు ఫోనులో వీడియోలు చూసి జాబితా రాసేస్తాడు. పార్కులో మధ్యాహ్నం రెండయ్యేసరికి మామ్మ మోకాళ్ళు మొరాయిస్తాయి. మూడేళ్ళ పిల్ల నిద్రకు ఏడుస్తుంది. కోడలు ఆ ఇద్దర్నీ పట్టుకుని చెట్టు నీడన బెంచీ మీద కూలబడుతుంది. కుర్రాడొక్కడే తిరుగుతాడు, మిగిలినవాళ్ళు డబ్బు పోసి బెంచీ కొనుక్కున్నట్టవుతుంది. కాబట్టి నేను చెప్పేది ఒకటే. మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకుని, వాళ్ళ కాళ్ళ లెక్కన రోజు వేసుకోండి. కుర్రాడి సరదా దానిలోనే ఇముడుతుంది. అతని లెక్కన వేస్తే మామ్మకు చోటు దొరకదు.

ఇక ఆ రెండింటిలో ఏది? రెండూ ఒక జాతివి కావు. రామోజీ ఫిలింసిటీ 1996లో మొదలైంది. హైదరాబాదుకు ఇవతల, విజయవాడ రహదారి పక్కన 1,600 ఎకరాల పైచిలుకు నేలలో ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ ప్రధానంగా చూడడం, కూర్చుని ప్రదర్శనలు తిలకించడం, బస్సులో తిరగడం. పిల్లలకు ఆటలున్నాయి గానీ అసలు సరుకు సినిమాయే. వండర్‌లా అలా కాదు. కొచ్చిలో 2000లో వీగాలాండ్ అనే పేరుతో మొదలైన సంస్థ అది. తర్వాత బెంగళూరు, ఆ తర్వాత 2016లో హైదరాబాదు వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు మీద ఆదిభట్ల దగ్గర రావిర్యాలలో ఉంది. అక్కడ చూడడానికి పెద్దగా ఏమీ లేదు, ఎక్కాలి, తిరగాలి, తడవాలి. పెద్దవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఫిలింసిటీ, పన్నెండు దాటిన పిల్లలు ఎక్కువమంది ఉంటే వండర్‌లా. రెండూ ఒకే రోజు చూసేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. అలా వెళ్ళినవాళ్ళు చూసేది రెండు గేట్లూ ఒక రోడ్డూను.

పిల్లలకు ఎత్తంటే భయముందో లేదో హైదరాబాదు దాకా వెళ్ళి తెలుసుకోనక్కరలేదు. విశాఖలో కైలాసగిరి రోప్‌వే ఎక్కించండి. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరకు వెళ్ళినప్పుడు జెయింట్ వీల్ కనబడితే పక్కన కూర్చుని ఎక్కించండి. పైకెళ్ళాక మీ చెయ్యి గట్టిగా పట్టుకుని, దిగాక "ఇంకోసారి" అంటే ఫరవాలేదు. దిగాక మాట్లాడకుండా ఇంటికి పోదామంటే ఆ పిల్లవాణ్ణి రోలర్ కోస్టర్ దగ్గరికి లాక్కెళ్ళకండి. "నీకంటే చిన్నవాళ్ళు ఎక్కేస్తన్నార్రా" అని నలుగురిలో వెక్కిరిస్తే వాడికి ఆ రోజంతా పాడైపోతుంది.

ప్రయాణం సంగతి. రైల్లో అయితే సాయంత్రం విశాఖలో బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ అనకాపల్లిలోనూ తునిలోనూ ఆగుతుంది, తెల్లారేసరికి హైదరాబాదులో దింపుతుంది. నర్సీపట్నం రోడ్ స్టేషన్ గురించి మనవాళ్ళకు చెప్పనక్కరలేదు, పేరు చూసి అది నర్సీపట్నంలోనే ఉందనుకునే బయటూరి చుట్టాలకు చెప్పాలి. బస్సులో వెళ్తే విజయవాడ, సూర్యాపేట మీదుగా పోతారు కనుక హైదరాబాదు కంటే ముందే ఫిలింసిటీ తగులుతుంది. రాత్రి బస్సెక్కి తెల్లారగట్ల అక్కడే దిగిపోతే కలిసొస్తుంది కదా అని కొందరు లెక్క వేస్తారు. కలిసి రాదు. గేటు తీసేది తొమ్మిది ప్రాంతంలో. అప్పటిదాకా సామానుతో, మొహాలు కడుక్కోవడానికి చోటు లేకుండా రోడ్డు పక్కన కూర్చోవాలి. పైగా రాత్రంతా నిద్ర లేని మనిషిని గిర్రున తిప్పే ఆట ఎక్కిస్తే వాంతి ఖాయం. హయత్‌నగర్ గానీ ఎల్బీనగర్ గానీ చేరి, ఒక గది తీసుకుని, ఆ రోజంతా విశ్రాంతి తీసుకుని మర్నాడు వెళ్ళండి. ఎల్బీనగర్ మెట్రో రైలుకు చివరి స్టేషన్, ఊళ్ళో చుట్టాలింట్లో దిగినవాళ్ళకు కూడా అక్కడి నుంచి ఫిలింసిటీ దారి తేలిక. వండర్‌లాకు అక్కడి నుంచి ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడేసుకోండి. సాయంత్రం గేటు దగ్గర బేరం మీ చేతిలో ఉండదు.

ఎప్పుడు వెళ్ళాలి? ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఫిలింసిటీ నడక పెద్దవాళ్ళకు శిక్ష. సంక్రాంతి, దసరా సెలవులకు జనం. చలికాలంలో వాతావరణం హాయే గానీ నీటి ఆటలు వణికిస్తాయి. నన్నడిగితే వరి నాట్లు ముగిసి కోతలు మొదలవని సెప్టెంబరు మంచిది. చెరకు వాళ్ళకు కూడా అప్పటికి గానుగ పని ఉండదు. వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో పడేలా చూసుకోండి. బడికి రెండు రోజులు సెలవు చీటీ రాయించాలి, నిజమే. ఆదివారం లైన్లలో నిలబడే గంటలతో పోలిస్తే ఆ చీటీ చవక. వాన మాట చెప్పాలి. చినుకులు పడితే ఇబ్బంది లేదు, ఉరుములు మెరుపులు వస్తే ఎత్తయిన ఆటలు ఆపేస్తారు. ఆపినందుకు డబ్బు తిరిగి వస్తుందో రాదో టిక్కెట్టు మీద షరతుల్లో ఉంటుంది, కొనే ముందే చదవండి. టిక్కెట్టు పార్కు వారి సొంత సైటులోనో కౌంటరులోనో తప్ప ఇంకెక్కడా కొనకండి. సగం ధరకే ఇస్తామని వాట్సాప్‌లో వచ్చే లింకులు మీ బ్యాంకు ఖాతా కోసం వచ్చేవి.

ఇప్పుడు ఒక టేపు తీసుకోండి. దర్జీ వాడే టేపు చాలు. పిల్లల్ని చెప్పులు లేకుండా తలుపు ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీసి కొలవండి. ఇలాంటి పార్కుల్లో పిల్లల టిక్కెట్టు నిర్ణయించేది వయసు కాదు, ఎత్తు. వండర్‌లాలో 140 సెంటీమీటర్లు దాటితే ఏడో తరగతి పిల్లవాడికైనా పెద్దల టిక్కెట్టే. ఆధార్ కార్డు చూపించి "పన్నెండేళ్ళేనండి" అని వాదిస్తే లాభం లేదు. టిక్కెట్టు ఒకెత్తు, ఆట దగ్గర మళ్ళీ కొలత మరో ఎత్తు. ప్రతి పెద్ద ఆట ముందూ గీతలు గీసిన పలక ఒకటి నిలబెట్టి ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడి చూస్తే మంచి కాలక్షేపం. గీతకు రెండు వేళ్ళు తక్కువున్న పిల్ల మునివేళ్ళ మీద లేస్తుంది, మెడ సాగదీస్తుంది, జడ పైకి లాగి ముడి వేయించుకుంటుంది. పక్కనే తండ్రి "పర్లేదు బాబూ, నేనుంటానుగా" అని ఆపరేటర్ని బతిమాలుతుంటాడు. బతిమాలకండి. సీట్లో కూర్చున్నాక భుజాల మీదుగా దిగే ఇనప కడ్డీ ఒక కొలత శరీరానికి తయారు చేసింది. అంతకంటే చిన్న శరీరమైతే కడ్డీకీ ఒంటికీ మధ్య సందు మిగులుతుంది, బండి తలకిందులైనప్పుడు పిల్ల ఆ సందులోంచి జారుతుంది. తండ్రి చెయ్యి ఆ వేగంలో పట్టు నిలవదు. వద్దన్న ఆపరేటరు మీకు మేలు చేసినట్టే. ఇంట్లోనే కొలిచి "ఈ ఆటలు నీకు ఈ ఏడు లేవు, ఇవి ఉన్నాయి" అని ముందే చెప్పేస్తే అక్కడ ఏడుపు ఉండదు.

బట్టలూ బంగారం గురించి ఆడవాళ్ళకు కాస్త వివరంగా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. నీటి ఆటలకు నూలు బట్టలు ఒప్పుకోరు. నూలు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, పోగులు ఊడి నీటిని శుభ్రపరిచే యంత్రాల్లో ఇరుక్కుంటాయి. చీర, చున్నీ అసలే కుదరవు, జారుడు గొట్టంలో దేనికైనా చుట్టుకుంటే ప్రమాదం. నైలాన్, పాలిస్టర్ రకం ఈత బట్టలు కావాలి. ఈత బట్టలంటే సినిమాల్లో చూపించేవే అనుకుని చాలామంది అక్కలు, వదినలు నీళ్ళ దగ్గరికే పోరు. మోచేతుల దాకా చేతులు, మోకాలి కింద దాకా పైజామా ఉన్నవి దొరుకుతాయి. విశాఖలోనో అనకాపల్లిలోనో ముందే కొనుక్కుంటే పార్కులో కొనేదానికన్నా తక్కువకు వస్తాయి, ఒంటికి సరిపోయేవి వేసి చూసుకోవచ్చు కూడా. తలకు నూనె రాసుకుని నీళ్ళలో దిగకండి. వెండి పట్టీలు, మట్టెలు ఆ క్లోరిన్ నీళ్ళకు నల్లబడతాయి. మరి మంగళసూత్రం? తీయనంటారు, తీయమని నేనూ అనను. మన వైపు పొలం పనులప్పుడూ దూర ప్రయాణాలప్పుడూ గొలుసు ఇంట్లో పెట్టి పసుపుతాడుకు సూత్రాలు గుచ్చుకుని వెళ్ళే ఆడవాళ్ళున్నారు. అదే పద్ధతి ఇక్కడా. తాడు లోపలికి దోపుకుని పైన బట్టకు పిన్ను పెట్టుకోండి. నల్లపూసలు, పొడుగు చెవి లోలాకులు ఇంట్లోనే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు వెనక కట్టే తాడు ఒకటి కొనుక్కోండి. జోడు తీసేస్తే కనపడని మనిషికి గీతలూ మెట్లూ తెలియవు, ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

తిండి. పులిహోర మూట కట్టుకోకుండా మనవాళ్ళు ఊరు దాటరు. బయటి తిండి రెండు చోట్లా లోపలికి రానివ్వరు. సంచులు వెతుకుతారు. కాబట్టి ఆ పులిహోరను గేటు బయటే, పొద్దున్నే తినేసి లోపలికి వెళ్ళండి. మందులు, చంటిపిల్లల ఆహారం ఉంటే గేటు దగ్గర చెప్పి చూపించండి. చక్కెర జబ్బున్న మామ్మకు భోజనం వేళ తప్పకూడదు, ఇదీ రోజు లెక్కలో ముందు రాసుకోవాల్సిన సంగతే. హోటళ్ళ దగ్గర ఒంటిగంట నుంచి రెండున్నర దాకా తొక్కిసలాట. పన్నెండుకే తినేస్తే అందరూ తినేవేళ ఆటల దగ్గర లైన్లు పలచబడతాయి. తిన్న వెంటనే తిరిగే ఆటలు వద్దు, నెమ్మదిగా పారే నీళ్ళలో ట్యూబు మీద తేలడం లాంటిది చాలు. దాన్ని లేజీ రివర్ అంటారు. మామ్మ కూడా కూర్చోగలదు.

లోపలికి వెళ్ళగానే ఏం చెయ్యాలి? మనం తిరుమల వెళ్ళి వచ్చిన జాతి. టైము వేసిన టోకెను, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు, ఫోను డిపాజిట్టు, చంటిపిల్లలవాళ్ళకు వేరే దారి, అన్నీ మనకు తెలుసు. పార్కు అంతకంటే చిక్కు ఏమీ కాదు. ఎక్కువ డబ్బు కడితే చిన్న లైనులోంచి పంపించే ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు వండర్‌లాలో ఉంది. రద్దీ రోజున వెళ్ళక తప్పకపోతే దాని ఖర్చుకు అర్థముంది, బుధవారం వెళ్తే దండగ. గేటు పక్కనున్న ఆట దగ్గర ఆగిపోకండి, అందరూ ఆగేది అక్కడే. చివరకంటా వెళ్ళి అక్కడి నుంచి వెనక్కి రండి. ఒక లైనులో నిలబడాలా వద్దా అనేదానికి చిన్న లెక్క ఉంది. ఒక్క విడతకు ఎన్ని సీట్లో చూడండి. ఒక విడత దిగి మరో విడత బయలుదేరడానికి ఎన్ని నిమిషాలో గడియారం పెట్టి చూడండి. 20 సీట్లు, 5 నిమిషాలకో విడత, మీ ముందు 120 మంది ఉన్నారనుకోండి. ఆరు విడతలు, అంటే అరగంట. మూడు నిమిషాల సరదాకు అరగంట నిలబడడం కుర్రాడికి సమ్మతమే, మామ్మకు కాదు. అతన్ని తోడుతో అక్కడ వదిలి మీరు నీడపట్టున జరిగే ప్రదర్శనకు వెళ్ళండి. కుటుంబమంతా రోజంతా ఒక్క గుంపుగానే ఉండాలన్న పట్టుదల వదులుకుంటే సగం తగువులు ఉండవు. అయితే విడిపోయే ముందు మళ్ళీ ఎక్కడ, ఎన్నింటికి కలవాలో చెప్పుకోవాలి. ఫోన్లున్నాయిగా అంటారు. నీటి ఆటలకు దిగేటప్పుడు ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయి! అప్పుడు అందరం పాతకాలం జాతరలో ఉన్నట్టే. కదలని గుర్తు ఒకటి చూసుకోండి, ఐస్‌క్రీం బండి లాంటిది కాదు. చిన్నపిల్లల ముంజేతి మీద బాల్ పెన్నుతో మీ నంబరు రాస్తే తడికి పోతుంది. చీటీ మీద రాసి చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో పిన్ను పెట్టండి. పిల్లలకు తెలుగు తప్ప రాదు, ఎలా అడుగుతారో అని బెంగ వద్దు, అక్కడి సిబ్బందిలో తెలుగువాళ్ళే ఎక్కువ. బొట్టు కాటుకతో ఉన్న పిల్ల ఏడుస్తూ నిలబడితే చాలు, అరడజను మంది అత్తమ్మలు చుట్టూ చేరతారు.

పార్కుల గురించి పాత సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో వాల్ట్ డిస్నీ డిస్నీలాండ్ తెరిచింది 1955 జులై 17న. దొంగ టిక్కెట్లతో పిలవనివాళ్ళు కూడా వచ్చిపడి జనం పిలిచినదానికి రెట్టింపయ్యారు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ళ మడమల చెప్పులు దిగబడ్డాయి. కుళాయి పనివాళ్ళ సమ్మె వల్ల మరుగుదొడ్లో తాగునీటి కుళాయిలో ఏదో ఒకటే పూర్తి చేయగలమన్నారు. డిస్నీ మరుగుదొడ్లకు ఓటు వేశాడు. దాహానికి ఏదో తాగుతారు, రెండోదానికి వేరే దారి లేదన్నది ఆయన లెక్క. కూల్‌డ్రింకులు అమ్ముకోడానికే నీళ్ళు ఆపాడని అప్పట్లో తిట్టారట. నా మటుకు ఆయన చేసింది సబబే. లోపలికి అడుగు పెట్టగానే మీరు వెతకాల్సిన మొదటి రెండు చోట్లు కూడా అవే, రోలర్ కోస్టర్ ఎటుందన్నది తర్వాత. పెద్దవాళ్ళు మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియక, అడగలేక, నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండలో నీళ్ళు తాగని ముసలితనం సాయంత్రానికి కళ్ళు తిరిగి పడుతుంది. గంటకోసారి మీరే నీళ్ళు తాగించండి, ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉంచండి.

పెద్ద ఆటలెక్కేవాళ్ళకు రెండు మాటలు. పైనుంచి జారేటప్పుడు కడుపులో ఏదో లేచినట్టుంటుంది. మీరూ మీ సీటూ ఒకే వేగంతో కిందికి పడుతుండగా సీటు మిమ్మల్ని పైకి నెట్టడం ఆగిపోతుంది, లోపలి అవయవాలు తేలినట్టవుతాయి. కింద మలుపు దగ్గర అందుకు విరుద్ధంగా బరువు రెట్టింపయినట్టు నొక్కుతుంది, మెడ వాలిపోతుంది. అందుకే తల వెనక దిండుకు ఆనించి ఉంచమంటారు. వండర్‌లాలో రికాయిల్ అనే ఆట ఉంది, ముందుకు వెళ్ళి మెలికలు తిరిగి, మళ్ళీ అదే దారిలో వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి రావడంలో మలుపు ఎప్పుడొస్తుందో కంటికి కనపడదు కాబట్టి మెడ బిగపట్టడానికి వీలుండదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ నరాల నొప్పి, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు ఇలాంటివి ఎక్కకూడదు. నెల తప్పిన సంగతి ఇంకా ఇంట్లో చెప్పని కోడలు ఉంటుంది. ఆడపడుచులు "రా వదినా, పిరికిదానివి" అని లాగితే మొహమాటపడి ఎక్కేస్తుంది. ఎవరైనా ఎక్కనంటే కారణం అడక్కండి.

అలల కొలను సంగతి. చెరువులో, తాండవ కాలవలో ఈత నేర్చిన మన కుర్రాళ్ళకు నీళ్ళంటే లెక్క ఉండదు. నిలకడ నీళ్ళలో ఈత వేరు. ఇక్కడ యంత్రం అల లేపుతుంది, అది మనిషిని లేపి ముందుకు తోసి, వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద నుంచి లాగుతుంది. చుట్టూ జనం ఉంటారు, పడినవాణ్ణి ఎవరూ గమనించరు. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, మీరు వాళ్ళకూ లోతుకూ మధ్య నిలబడాలి. ఒడ్డున కూర్చుని ఫోనులో వీడియో తీస్తూ చూస్తున్నాననుకోవడం చూడడం కాదు.

ఫిలింసిటీకి వెళ్ళేవాళ్ళ మాట మిగిలింది. మామ్మ ఉన్న ఇంటికి నేను చెప్పేది ఇదే. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకున్నాక వాళ్ళ బస్సే లోపలికి తీసుకుపోతుంది. తర్వాత గైడుతో సెట్లు చూపించే బస్సులున్నాయి. ఒకవైపు నుంచి చూస్తే ఒకటి, చుట్టు తిరిగితే ఇంకొకటిగా కనిపించే కట్టడాలు, విమానాశ్రయం, రైల్వే స్టేషన్, విదేశీ వీధులు, బాహుబలి సినిమాలకు వేసిన మాహిష్మతి సెట్టు. ఎండ ముదరకముందే ఈ తిరుగుడు ముగించండి, నీడలో కూర్చునే ప్రదర్శనలు మధ్యాహ్నానికి ఉంచుకోండి. చాలామంది తలకిందులుగా చేస్తారు. గేటు దాటగానే కనబడిన హాల్లో కూర్చుని, మిట్టమధ్యాహ్నం సెట్ల మీద పడతారు. ప్రదర్శనల్లో మూవీ మ్యాజిక్ వదలకండి. ప్రేక్షకుల్లోంచి ఎవరినో ఒకరిని పిలిచి బండి మీద కూర్చోబెట్టి చిన్న సన్నివేశం తీస్తారు. బండి అంగుళం కదలదు. తర్వాత వెనక దృశ్యం అతికించి, శబ్దాలు కలిపి తెర మీద వేస్తే అదే బండి దౌడు తీస్తుంటుంది. ఎన్టీవోడి పౌరాణికాలు చూస్తూ పెరిగిన మామ్మ ఆ తెర వంక, ఆ బండి వంక మార్చి మార్చి చూస్తుంది. "అయితే ఆ గుర్రాలూ ఇలాగేనేటి?" అని అడుగుతుంది. పిల్లలకంటే ఆ ప్రదర్శన ఆమెకే ఎక్కువ దక్కుతుంది. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు నెమ్మదిగా నడిచేవాళ్ళకు బాగుంటాయి. బోరాసుర అనే దయ్యాల గుహలోకి చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి, ఇంటికొచ్చాక రాత్రిళ్ళు మీకే నిద్ర ఉండదు.

మన మండలాల నుంచీ అమెరికా వెళ్ళిన పిల్లలున్నారు. వేసవిలో అమ్మానాన్నల్ని రప్పించుకుని ఫ్లోరిడాలో 1971లో తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డుకు తీసుకెళ్తుంటారు. అది పార్కు కాదు, పార్కుల ఊరు, ఒక్కో పార్కుకు ఒక్కో రోజు కావాలి. అక్కడ అద్దెకు చక్రాల కుర్చీ దొరుకుతుంది. "నాకేం రోగమా" అని నాన్నగారు కుర్చీ వద్దంటారు, సాయంత్రానికి ఆయనే అడుగుతారు. చంటిపిల్ల ఉంటే అక్కడ రైడర్ స్విచ్ అని ఒక సదుపాయం ఉంది. తల్లి ఎక్కివచ్చేదాకా తండ్రి పిల్లతో బయట ఉంటాడు, తర్వాత పెద్ద లైనులో మళ్ళీ నిలబడకుండానే తండ్రి ఎక్కుతాడు. మన దగ్గర కూడా ఆట దగ్గరి సిబ్బందిని మర్యాదగా అడిగి చూడండి. ఒప్పుకుంటే సరి, లేదంటే వంతులు వేసుకోండి.

ఇక తిరుగు ప్రయాణం. ఫిలింసిటీలో ముగింపు కార్యక్రమం అయ్యాక అందరూ ఒక్కసారే బస్సుల దగ్గరికి పరుగెడతారు. మామ్మ ఉంటే అది ముగియడానికి ముందే లేచి రండి, చివరి పాట పోతే పోయింది. తడి బట్టలకు మందపాటి ప్లాస్టిక్ కవరు, పిల్లలకు పొడి చొక్కా, ఒక దుప్పటి పైసంచిలోనే ఉండాలి, కిందపెట్టిన పెద్ద సంచిలో కాదు. ఆ రాత్రే బస్సయితే రిజర్వేషన్ చేసేటప్పుడే ఎక్కే చోటు హయత్‌నగర్ అని పెట్టుకోండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వెనక్కి ఊళ్ళోకి వెళ్ళి అదే రోడ్డు మీద మళ్ళీ రావాల్సిన పని తప్పుతుంది. హయత్‌నగర్‌లో మన వైపు వచ్చే బస్సులు వరసగా వస్తుంటాయి, అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఫోనుకు వచ్చిన మెసేజీలో సర్వీసు నంబరు ఉంటుంది, అది చీటీ మీద రాసి కుర్రాడి చేతికివ్వండి. బస్సు కనిపెట్టే పని వాడిది, మామ్మను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టే పని మీది. కింద బెర్తు గానీ ముందు వరస సీటు గానీ ఆమె పేరు మీద తీసుకోవడం మరవకండి. నర్సీపట్నంలో దిగాక రోలుగుంటకు బస్సు ఎన్నింటికో నేను చెప్పలేను, ఆటోవాడి నంబరు ఉంచుకోండి.